గేదె లెక్క గుర్రానికి పనికిరాదు: చూడి కట్టిన దగ్గర్నుంచి పిల్ల పాలు తాగేదాకా

కృష్ణా, గుంటూరు పల్లెల్లో గేదె ఈనడం చూడని ఇల్లు అరుదు. అందుకే ఇక్కడ ఎవరి ఆడగుర్రమైనా చూడి కట్టిందంటే సలహాలకు కొదవుండదు. చిక్కేమిటంటే ఆ సలహాలన్నీ గేదెవి. గేదెకు నొప్పులు మొదలై గంటలు గడిచినా దూడ బతికి బయటపడుతుంది. ఉమ్మనీరు పోయిన గుర్రానికి ఉన్న గడువు అరగంటే. గేదె మాయ మర్నాడు పొద్దుటికి పడినా ఇంట్లోవాళ్లు పెద్దగా కంగారుపడరు. గుర్రానికి మూడు గంటలు దాటితే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. కాబట్టి చెయ్యాల్సిన పనులకంటే ముందు ఆ గడువులు గుర్తుపెట్టుకోండి.

దాటించే ముందు నెల లెక్క చూసుకోండి

గుర్రం చూడి సగటున 340 రోజులు. 320 నుంచి 365 దాకా ఎప్పుడు ఈనినా మామూలే. మగపిల్ల అయితే రెండు మూడు రోజులు ఎక్కువ మోయడం కద్దు. ఫిబ్రవరి 1న దాటిస్తే, అంటే మగగుర్రంతో కలిపిస్తే, లెక్క ప్రకారం జనవరి 7కి, అంటే సంక్రాంతి ముందు ఈనాలి. కానీ డిసెంబరు 18 నుంచి ఎప్పుడైనా ఈనవచ్చు, మళ్లీ ఫిబ్రవరి దాకా సాగనూవచ్చు. డాక్టరు చెప్పిన తేదీకి రెండు రోజుల ముందు కాపలా మొదలెడితే సరిపోతుందనుకునేవాళ్లకు ఇక్కడే దెబ్బ పడుతుంది.

మన ప్రాంతంలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పిల్ల పుట్టేలా చూసుకోవడం మేలు. అందుకు జనవరి నుంచి మార్చిలోగా దాటించాలి. 45 డిగ్రీలు తాకే విజయవాడ మే ఎండల్లో పాలిచ్చే గుర్రాన్నీ, వారం పిల్లనూ కాపాడుకోవడం కష్టం. జూలై, ఆగస్టు నెలల్లో అయితే బురద, ఈగలు, తడిసిన వరిగడ్డి.

చూడి పరీక్ష 14 నుంచి 16 రోజుల మధ్యే

గేదెకు రెండు మూడు నెలలు ఆగి చెయ్యి పెట్టి చూస్తారు. గుర్రానికి అంతదాకా ఆగకూడదు. దాటించిన 14-16 రోజులకే స్కానింగ్ చేయించాలి. కట్టిందా లేదా అన్నది ఒక్కటే కాదు, కవలలు ఉన్నాయేమో చూడటం అంతకంటే ముఖ్యం. గుర్రం గర్భసంచిలో రెండు పిల్లలకు సరిపడా మాయకు చోటుండదు. కవలలు కడితే చాలాసార్లు ఎనిమిది, తొమ్మిది నెలలకు రెండూ పోతాయి, తల్లికీ ముప్పే. 16 రోజుల లోపు పిండాలు ఇంకా గర్భసంచిలో కదులుతుంటాయి కాబట్టి డాక్టరు వాటిని విడదీసి ఒకదాన్ని తేలిగ్గా నలిపేయగలరు. ఆ తర్వాత పిండం ఒకచోట కుదురుకుంటుంది, రెండూ పక్కపక్కనే కుదురుకుంటే పని చాలా కష్టం.

రెండో స్కానింగ్ 25-30 రోజులకు. అప్పటికి గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. కవలలు మిగిలి ఉంటే ఏదో ఒకటి తేల్చుకోవడానికి ఇదే చివరి అదును. 35 రోజులు దాటాక గర్భసంచిలో కొన్ని కణాలు ఒక హార్మోన్ విడుదల చేయడం మొదలుపెడతాయి. ఆ తర్వాత పిండం పోయినా నాలుగో నెల దాకా గుర్రం సరిగా ఎదకు రాదు. అంటే ఆ ఏడాది చేజారినట్టే. మూడోసారి 45-60 రోజుల మధ్య చూపిస్తే నిశ్చింత.

గుర్రాలను స్కానింగ్ చేసిన అనుభవం ప్రతి పశువైద్యుడికీ ఉండదు. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో అడిగి, ఎవరు చేస్తారో, ఎప్పుడు రావాలో దాటించకముందే మాట్లాడుకోండి.

మేత: తవుడు తగ్గించండి

మొదటి ఏడు నెలలు ప్రత్యేకంగా ఏమీ పెట్టక్కర్లేదు. కడుపులో పిల్ల బరువులో సగానికి పైగా చివరి మూడు నాలుగు నెలల్లోనే పెరుగుతుంది. చూడి తెలిసిన రోజు నుంచే ఉలవలు గుమ్మరిస్తే లావెక్కేది తల్లే, పిల్ల కాదు.

350 కిలోల గుర్రానికి ఎండు లెక్కన రోజుకు ఏడు కిలోల దాకా మేత కావాలి, అందులో సగానికి పైగా గడ్డే ఉండాలి. ఎనిమిదో నెల నుంచి దాణా మెల్లగా పెంచుతూ రెండు మూడు పూటలుగా పంచండి. ఉలవలు, శనగలు నానబెట్టో ఉడకబెట్టో పెట్టవచ్చు, జొన్నలు పగలగొట్టి కలపవచ్చు. కేవలం వరిగడ్డి మీద చూడి గుర్రాన్ని నెట్టుకురావడం కుదరదు. అందులో మాంసకృత్తులు, సున్నం రెండూ తక్కువ. జొన్న చొప్ప, వీలైతే లూసర్న్ కలపండి.

మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు తవుడు విషయంలోనే. చౌకగా దొరుకుతుంది, గుర్రం ఇష్టంగా తింటుంది. కానీ తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. దానికి తోడు ఈమధ్య అందరూ వేస్తున్న సూపర్ నేపియర్ గడ్డిలో ఆక్సలేట్లు ఉంటాయి. గడ్డిలో ఉన్న కొద్దిపాటి కాల్షియాన్నీ అవి పట్టేసుకుంటాయి. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను చాలావరకు విరగ్గొట్టేస్తాయి, గుర్రానికి ఆ వెసులుబాటు లేదు. తవుడు, నేపియర్ రెండూ కలిపి నెలల తరబడి పెడితే తల్లి తన ఎముకల్లోంచి కాల్షియం తీసి పిల్లకు ఇస్తుంది. కుంటుతుంది, ముఖం ఎముకలు వాస్తాయి. మేతలో భాస్వరం కంటే కాల్షియం ఎప్పుడూ ఎక్కువే ఉండాలి. తవుడు తప్పనిసరైతే దాణాలో సున్నపురాయి పొడి ఎంత కలపాలో డాక్టరునడిగి కలపండి. ఇక్కడ డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) పొడి సరైన మందు కాదు, అందులో మళ్లీ భాస్వరమే ఉంటుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. బూజు పట్టిన మొక్కజొన్న గుర్రం మెదడును దెబ్బతీస్తుంది, వాన తగిలిన బస్తాలు చవగ్గా వచ్చినా కొనవద్దు. కోళ్ల దాణా ఒక్క గుప్పెడు కూడా పెట్టకండి. కోళ్ల కోసం అందులో కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ గుర్రం గుండెను ఆపేస్తాయి. దాణా మిల్లులో కోళ్ల మేత ఆడించిన యంత్రంలోనే మీది ఆడిస్తున్నారేమో అడగండి.

టీకాలు, పురుగులు, ఈగలు

ధనుర్వాతం గుర్రాలకు ఇట్టే సోకుతుంది. ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు టెటనస్ టీకా బూస్టర్ వేయిస్తే ఆ రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లకూ అందుతుంది. గర్భస్రావం తెచ్చే ఈక్విన్ హెర్పిస్ వైరస్‌కు విరుగుడుగా టీకా చూడి 5, 7, 9 నెలల్లో వేస్తారు. నట్టల మందు ఈనే సమయానికి దగ్గర్లో ఒకసారి పడాలి, ఎందుకంటే ఒక రకం పురుగు పాల ద్వారా పిల్లకు చేరుతుంది.

వానాకాలంలో జోరీగలు మోసుకొచ్చే సర్రా వ్యాధిని మర్చిపోకండి. వచ్చిపోయే జ్వరం, పొట్ట కింద వాపు, చిక్కిపోవడం, వెనక కాళ్లు తూలడం దాని గుర్తులు. చూడి గుర్రానికి దానివల్ల గర్భస్రావం కావచ్చు. అనుమానం వస్తే రక్తపరీక్ష చేయించండి. ఎద సమకూర్చడానికి గేదెలకు వేసే ప్రోస్టాగ్లాండిన్ ఇంజక్షను చూడి గుర్రానికి పడితే పిల్ల పోతుంది. గేదెలకు, గుర్రానికి ఒకేరోజు వైద్యం చేయించేటప్పుడు సిరంజీలు తారుమారు కాకుండా చూడండి.

పెళ్లి ఊరేగింపులు ఎప్పుడు ఆపాలి

తేలికపాటి స్వారీ, నడక ఏడో నెల దాకా మంచివే. ఊరేగింపు పని వేరు. బ్యాండు, బాణసంచా, తారురోడ్డు మీద గంటల తరబడి నిలబడటం, వీటితో అలవాటైన గుర్రానికీ టెన్షన్ తప్పదు. నా ఉద్దేశంలో ఆరో నెల తర్వాత ఊరేగింపులకు ఒప్పుకోకూడదు. మాఘమాసం ముహూర్తాలు పోతే పోతాయి. పైగా ఊరేగింపుల్లో కలిసే పరాయి గుర్రాల నుంచి అంటువ్యాధులు తెచ్చుకోవడం దేనికి?

చివరి నెల: చోటు, సామాను, ఫోన్ నంబర్లు

ఈనబోయే లాయంలోకి కనీసం నాలుగు వారాల ముందే మార్చండి. అక్కడి సూక్ష్మజీవులకు తగ్గ రక్షణ తల్లి ఒంట్లో తయారై ముర్రుపాలలోకి దిగడానికి ఆ సమయం కావాలి. ఎవరో సెంటిమెంటు చెప్పారని ఈనే ముందు పుట్టింటికో మరో ఊరికో తోలడం పిల్లకు చేటు. గది 14 అడుగుల చదరం ఉంటే బాగు, 12 కంటే తగ్గకూడదు. పొడి వరిగడ్డి మందంగా పరవండి. రంపపు పొట్టు వద్దు, తడిపిల్ల ముక్కుకూ బొడ్డుకూ అంటుకుంటుంది. మేకులు, తెగిన తీగలు లేకుండా మోకాలి ఎత్తు దాకా గోడలు తడిమి చూడండి. మానానికి (పిల్ల బయటికొచ్చే ద్వారానికి) కుట్లు వేసి ఉంటే రెండు మూడు వారాల ముందు విప్పించాలి.

దగ్గర ఉంచుకోవాల్సినవి: ఛార్జింగ్ లైటు, గడియారం, శుభ్రమైన తువ్వాళ్లు, తోక చుట్టడానికి బ్యాండేజీ, మొనలేని కత్తెర, చేతి తొడుగులు, బొడ్డుకు పెట్టే క్లోర్‌హెక్సిడిన్ మందు, థర్మామీటరు, మూత ఉన్న బకెట్టు. ఇద్దరు డాక్టర్ల నంబర్లు గోడ మీద రాసి పెట్టండి. 1962కు ఫోన్ చేస్తే పశువుల సంచార వైద్యవాహనం వస్తుంది. అర్ధరాత్రి మీ ఊరికి వస్తుందా లేదా అన్నది ముందే కనుక్కోండి, ఎందుకంటే గుర్రాలు ఎక్కువగా రాత్రిపూటే ఈనుతాయి.

దగ్గరపడిందని ఎలా తెలుస్తుంది

రెండు నుంచి ఆరు వారాల ముందు పొదుగు దిగడం మొదలవుతుంది. మొదట రాత్రి నిండి, పగలు తిరిగితే తగ్గుతుంది. తర్వాత తగ్గకుండా ఉండిపోతుంది. తోక మొదలు దగ్గర కండరాలు మెత్తబడి గుంట పడతాయి, మానం సాగి వదులవుతుంది. చన్నుల కొసన తేనె రంగు మైనం లాంటి చుక్కలు కనిపిస్తే సాధారణంగా ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఈనుతుంది. కొన్ని గుర్రాలకు మైనం కనిపించదు, కొన్నిటికి వారం ముందే వస్తుంది. దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

పాలు పరీక్షించుకోవడం ఇంకాస్త నమ్మకమైన దారి. సాయంత్రం పూట రెండు చుక్కలు తీసి పీహెచ్ (ఆమ్లత్వం చూపే) కాగితం మీద వేయండి. 7కు పైనున్న అంకె 6.4కో అంతకంటే కిందకో దిగిందంటే ఒకటి రెండు రోజుల్లో ఈనే అవకాశం బాగా ఎక్కువ. రెండు చుక్కలు చాలు, పాలు పిండకండి. ఈనకముందే పాలు ధారగా కారిపోతుంటే డాక్టరుకు చెప్పండి. కారిపోయేది ముర్రుపాలే, తర్వాత పిల్లకు మిగలవు. రెండు మూడు నెలలు గడువుండగానే పొదుగు దిగితే మాయకు ఇన్ఫెక్షనో కవలలో ఉండవచ్చు.

నొప్పుల రాత్రి

మొదటి దశ గంట నుంచి నాలుగు గంటలు. గుర్రం కుదురుగా ఉండదు, డొక్కల వైపు చూసుకుంటుంది, కాలితో నేల గీకుతుంది, చెమట పడుతుంది, పడుకుని లేస్తుంది. కడుపునొప్పి లక్షణాలూ ఇవే. పొదుగు నిండి, మధ్యమధ్యలో గడ్డి కొరుకుతుంటే అవి ఈనే నొప్పులే అనుకోవచ్చు. ఈ లేవడం పడుకోవడాల్లోనే పిల్ల కడుపులో సరైన వాటానికి తిరుగుతుంది, కాబట్టి కట్టెయ్యకండి. తోక చుట్టండి, పొదుగు, మానం గోరువెచ్చని నీళ్లతో కడగండి, గది బయటికి వచ్చేయండి. చుట్టూ జనం ఉంటే గుర్రం ఈనడాన్ని కొన్ని గంటలు వాయిదా వేసుకోగలదు. పది మంది చేరి వీడియోలు తీస్తుంటే ఎంతకీ ఈనదు.

ఉమ్మనీరు బకెట్టు వంచినట్టు పోతుంది. అప్పుడే టైమ్ చూసి రాసుకోండి. ఇక్కడి నుంచి రెండో దశ.

ఐదు నిమిషాల్లో తెల్లగా, కాస్త నీలంగా మెరిసే పొర కనిపించాలి. అందులో ఒక ముందుకాలు, దానికి జానెడు వెనకగా రెండోది, రెండు గిట్టల అరికాళ్లూ నేల వైపు, ఆ కాళ్ల మీద ముక్కు. ఇది సరైన వాటం. ఇలా ఉంటే మీరు చేతులు కట్టుకుని చూడటమే పని. 15 నుంచి 30 నిమిషాల్లో పిల్ల బయటపడుతుంది.

ఇవి కనిపిస్తే మాత్రం ఆలస్యం వద్దు:

- తెల్లపొర బదులు ఎర్రటి ముఖమల్ లాంటి సంచి వస్తే, మాయ ముందుగా ఊడిపోయింది, లోపల పిల్లకు గాలి అందడం లేదు. డాక్టరు వచ్చేదాకా ఆగితే పిల్ల దక్కదు. వెంటనే కత్తెరతో ఆ సంచి చీల్చి, గుర్రం ముక్కినప్పుడల్లా పిల్లను లాగండి. ఫోన్ ఇంకొకరు చేస్తారు.
- పొర కనిపించి పది నిమిషాలైనా కదలిక లేకపోతే, లేదా ఒక్క కాలే, లేదా ముక్కు లేకుండా రెండు కాళ్లే వస్తే, వాటం తప్పింది.
- అరికాళ్లు పైకి చూస్తుంటే పిల్ల వెల్లకిలా అయినా ఉండాలి, వెనక కాళ్లతో అయినా వస్తుండాలి.

వాటం తప్పినప్పుడు డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా గుర్రాన్ని లేపి నడిపించండి. నడుస్తుంటే ముక్కడం తగ్గుతుంది, లోపల సర్దడానికి చోటు మిగులుతుంది. వాటం సరిగ్గానే ఉండి కొంచెం సాయం కావాల్సి వస్తే ఇద్దరికి మించి లాగొద్దు, గుర్రం ముక్కినప్పుడే, దాని వెనక మడమల వైపు కిందకు లాగాలి. తాడు కట్టి నలుగురు లాగడం, ఊళ్లో మెడికల్ షాపు నుంచి నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ ఇంజక్షను తెచ్చి పొడవడం రెండూ తల్లీపిల్లల్ని చంపే పనులే.

పిల్ల నేల మీద పడ్డాక

ముక్కు మీద పొర ఉంటే తీసేయండి, ముక్కులు తుడవండి. అంతటితో ఆగండి. బొడ్డుతాడు కొయ్యకండి, ముడెయ్యకండి. తల్లి లేచినప్పుడో పిల్ల కదిలినప్పుడో పొట్టకు రెండంగుళాల దూరంలో సహజంగా పలచగా ఉన్నచోట అదే తెగుతుంది. తెగిన మొదలును 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్‌లో ముంచండి. మొదటి రెండు మూడు రోజులు రోజుకు మూడు నాలుగుసార్లు. ఘాటు అయోడిన్ చర్మాన్ని కాల్చేస్తుంది. పసుపు, బూడిద, పేడ ఏవీ వద్దు.

ఇక్కడ పట్టుకోవాల్సిన లెక్క ఒకటి, రెండు, మూడు. గంటలో పిల్ల నిలబడాలి. రెండు గంటల్లో పాలు తాగాలి. మూడు గంటల్లో మాయ పడాలి. పిల్ల లేచే ప్రయత్నంలో నాలుగుసార్లు పడుతుంది, చూడలేక ఎత్తి నిలబెట్టకండి. రెండు గంటలైనా నిలబడలేకపోతే, చన్ను వెతక్కుండా గోడను నాకుతుంటే డాక్టరును పిలవాలి.

గేదె ఈనినప్పుడు మాయ పడేదాకా దూడకు పాలు పట్టని ఆచారం కొన్నిచోట్ల ఉంది. దూడకే మంచిది కాదు, గుర్రంపిల్లకైతే ప్రాణాంతకం. కడుపులో ఉండగా తల్లి నుంచి పిల్లకు రోగనిరోధక శక్తి ఏమీ రాదు, అంతా ముర్రుపాలలోనే. పేగులు దాన్ని పీల్చుకునేది బాగా అంటే మొదటి ఆరు నుంచి ఎనిమిది గంటలు. 24 గంటలకు ఆ తలుపు పూర్తిగా మూసుకుంటుంది. పిల్ల చన్ను చీకితే తల్లి గర్భసంచి ముడుచుకుని మాయ కూడా తేలిగ్గా పడుతుంది. 12-24 గంటల మధ్య పిల్ల రక్తంలో ఐజీజీ (ముర్రుపాల నుంచి వచ్చిన రోగనిరోధక పదార్థం) పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములకు పైన ఉంటే బాగున్నట్టు.

తల్లి దగ్గర పాలు లేకపోతే చేతికందిన గేదె పాలు పట్టకండి. గుర్రం పాలలో వెన్న రెండు శాతం లోపే, తీపి ఎక్కువ. గేదె పాలలో వెన్న ఏడెనిమిది శాతం దాకా ఉంటుంది, పిల్లకు విరేచనాలు పట్టుకుంటాయి. వెన్న తీసిన ఆవుపాలలో లీటరుకు 20 గ్రాముల గ్లూకోజ్ కలిపి డాక్టరు వచ్చేదాకా నడపవచ్చు. అయితే ముర్రుపాలకు అది బదులు కాదు.

నల్లటి మొదటి లద్ది 24 గంటల్లో పడి, తర్వాత పసుపుగా మారాలి. పిల్ల తోక ఎత్తి ముక్కుతూ ఏమీ వేయకపోతే ఎనిమా అవసరం.

మాయ

వేలాడుతున్న మాయను లాగకండి. దానికి ఇటుకో చెప్పో కట్టడం మన పల్లెల్లో చూసే పనే. గుర్రం గర్భసంచి బయటికి జారిపోవడానికి, లోపల ముక్క మిగిలిపోవడానికి అదే దారి. తొక్కి చింపకుండా దాన్ని మడమల పైకి దానితోనే ముడివేయండి. మూడు గంటలు దాటితే అర్ధరాత్రైనా ఫోన్ చేయాల్సిందే. కుళ్లిన ముక్క నుంచి విషం రక్తంలో కలిసి గిట్టల వాపు దాకా వస్తుంది. ఆ తర్వాత గుర్రం బతికినా మళ్లీ సరిగా నడవకపోవచ్చు.

పడ్డ మాయను కుక్కలు లాక్కుపోకముందే మూత బకెట్టులో వేయండి. నేల మీద పరిస్తే రెండు కొమ్ములతో ప్యాంటు ఆకారంలో ఉంటుంది. పిల్ల వచ్చిన ఒక్క రంధ్రమే ఉండాలి, రెండు కొమ్ముల కొసలూ మూసి ఉండాలి. చిన్న కొమ్ము కొస తెగి లోపలే ఉండిపోవడం ఎక్కువ. అనుమానముంటే డాక్టరుకు చూపించండి.

మాయ పడేటప్పుడు కొద్ది నొప్పి మామూలే. చిగుళ్లు పాలిపోయి, చెమటలు పట్టి, పొర్లుతుంటే లోపల రక్తనాళం తెగి ఉండవచ్చు. వయసు మళ్లిన గుర్రాల్లో ఇది చూస్తాం. కదిలించకుండా, చీకటిగా, ప్రశాంతంగా ఉంచి డాక్టరును రప్పించండి.

మొదటి పది రోజులు

ఈనిన గేదెకు బెల్లం, సజ్జలు వండి పెట్టినట్టు గుర్రానికి ఒకేసారి దాణా దట్టించకండి. కడుపునొప్పి, గిట్టల వాపు రెండూ వస్తాయి. గోరువెచ్చని నీళ్లు, మంచి గడ్డి, కొద్దిగా తడి దాణా. తర్వాత పది రోజుల్లో మెల్లగా పెంచండి. పాలిచ్చే గుర్రం తాగే నీళ్లు చూస్తే ఆశ్చర్యపోతారు, తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి. రోజూ రెండుపూటలా తల్లి జ్వరం చూడండి.

పిల్ల గంటకు ఐదారుసార్లు పాలు తాగుతుంది. తల్లి పొదుగు గట్టిగా నిండి పాలు కారుతున్నాయంటే పిల్ల తాగడం మానేసిందని అర్థం. పిల్ల జబ్బుకు అన్నిటికంటే ముందు కనిపించే గుర్తు అదే. కీళ్లు వాచినా, బొడ్డు తడిగా ఉన్నా, 38.9 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం ఉన్నా రేపటిదాకా ఆగకండి.

వారం పది రోజులకు తల్లి మళ్లీ ఎదకు వస్తుంది. సరిగ్గా అప్పుడే పిల్లకు పలచటి విరేచనాలు పడతాయి. హుషారుగా పాలు తాగుతుంటే వాటంతట అవే తగ్గుతాయి, తోక కింద కడిగి కాస్త వాజలిన్ రాస్తే చర్మం కాలదు. ఆ ఎదకే మళ్లీ దాటించాలా వద్దా అన్నది మాయ ఎలా పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆలస్యంగా పడినా, ముక్కలుగా పడినా ఆ ఎద వదిలేసి, స్కానింగ్‌లో గర్భసంచిలో నీరు లేదని తేలాక తర్వాతి ఎదకు దాటించండి.